గని హద్దులో ఒక్కడే

మూతపడిన బొగ్గుగనిని నీటితో నింపి పడవల చెరువుగా మార్చే ముందు, పట్టణంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ రోజుల్లో మనుషులు రానక్కరలేదు. ఉన్నవారి మాటైనా, పోయినవారి మాటైనా వారి గొంతుతో యంత్రమే చెప్పేది. అయినా ఓదెమ్మ వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

“మీ ఇల్లు గని హద్దుకు అవతల ఉందమ్మా. మీ అభిప్రాయం లెక్కకు రాదు,” అన్నాడు అధికారి.

హద్దులో నమోదైనవాడు ఒక్కడే, ఆమె భర్త రాయలింగు. ముప్పై ఏళ్ల కిందట పొద్దుటి షిఫ్టుకు దిగాడు. కప్పు కూలింది, శవమూ దొరకలేదు. హాజరు పుస్తకంలో ఇంకా లోపలే ఉన్నాడు.

అధికారి వినయంగా అతణ్నే అడిగాడు. యంత్రం రాయలింగు గొంతుతో పలికింది: “మా ఇంటామెను అడుగుండ్రి సారూ.”

“బతికినన్నాళ్లు నన్నొక్క మాట అడగలే. ఇప్పుడొచ్చింది బుద్ధి,” అంటూ ఓదెమ్మ లేచి కొంగు సర్దుకుంది. “నీళ్లు వద్దు సారూ. ఆయనకు ఈత రాదు.”