చలి భత్యం

“బాకీ వసూలుకొచ్చిన మరమనిషి చేత వంకాయలు తరిగిస్తావేంటే?” అని హవల్దారు సన్యాసిరావు మూడోసారి అరిచాడు.

“ఊరికే కూర్చోబెట్టడానికి అదేమైనా కొత్తల్లుడా? తరగనివ్వండి,” అంది తాయారమ్మ.

సన్యాసిరావు పట్నంలో పద్నాలుగో అంతస్తులో డ్యూటీ చేస్తుంటే, జీతాల యంత్రం దాన్ని మంచుకొండ అనుకుని మూడేళ్లు చలి భత్యం ఇచ్చింది. ఇప్పుడు ఆ సొమ్మంతా తిరిగి కట్టేదాకా ఇంట్లోంచి కదలొద్దని మరమనిషిని పంపింది. ఇలాంటి బాకీల మీదే పార్లమెంటులో రెండు పార్టీలూ కుర్చీలు విరగ్గొట్టుకున్నాయి.

ఆ పూటే టీవీలో మంత్రిగారు దిగొచ్చారు. “తప్పు మాదే. సిపాయిల బాకీలు మాఫీ. మరమనుషుల్ని రేపే వెనక్కి పిలిపిస్తాం.”

సన్యాసిరావు గంతేశాడు. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. తాయారమ్మ ఒక్కలాగే తెగిన వంకాయ ముక్కల వంకా, నొప్పులు పెట్టే తన మోకాళ్ల వంకా చూసుకుంది.

సన్యాసిరావు భోజనానికి కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. “మాఫీ మనకొద్దని రాసి పంపించేశాను. నెలకో రూపాయి చొప్పున తీరుద్దాం.”