దబ్బకాయ పులిహోర

గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చింది కాబట్టి మంజుష కంట పడింది గానీ, లేకపోతే ఏడాదంతా తెలిసేది కాదు.

మొగల్తూరు నుంచి రాజమండ్రికి కాపురం మార్చి ఆరు నెలలైంది. రోజూ అన్నం బెల్లు వేళకి స్కూలు గేటు దగ్గర కూతురు రమ్యశ్రీకి వేడి క్యారేజీ అందించి, టైలరింగ్ షాపుకి పరుగెత్తుతుంది. తీరికున్న తల్లులైతే గేటు పక్క రేకుల షెడ్డులో కూర్చుని దగ్గరుండి తినిపిస్తారు.

ఇప్పుడా షెడ్డులో రమ్యశ్రీ ఎవరో ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ పెట్టిన దబ్బకాయ పులిహోర తింటోంది. తను తెచ్చిన క్యారేజీ బల్ల కింద పడి ఉంది.

"మా పిల్లకి మీరెందుకు పెడుతున్నారండీ?"

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. నలిగిన నేత చీర, దువ్వెన పడని జుట్టు.

"పాప అన్నం పాడైందండి."

"పాడవడం ఏంటండీ? ఇప్పుడే కదా వండి తెచ్చాను!"

"పాపనే అడగండి. ఇక్కడ కాదు, ఇంటికెళ్ళాక. నెమ్మదిగా."

రమ్యశ్రీ తల దించుకుంది. ఆరో తరగతి పిల్ల, కాస్త నత్తి. ఇంట్లోనే మాట తక్కువ.

మంజుష గేటు దగ్గరున్న పాపాయి అనే ఆయాని పక్కకి పిలిచింది.

"ఎవరావిడ?"

"తులసమ్మగారండి."

"ఏ క్లాసు పిల్లల తాలూకు?"

పాపాయి ఆఫీసు గది వైపు చూసింది. "రోజూ వస్తారు గానీ ఆవిడకి ఇక్కడ పిల్లలెవరూ లేరండి."

పిల్లలు లేని మనిషి పరాయి పిల్లని చేరదీసి ముద్దలు పెట్టడమా!

సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి కూతురిని తూర్పు ముఖంగా నిలబెట్టింది.

"అమ్మా, నా... నా అన్నంలో రోజూ వాళ్ళు..."

"మాట్లాడకు! దిష్టి తీసేటప్పుడు మాట్లాడకూడదు."

మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు రాలేదు. అంటే గట్టి దిష్టే అని అత్తగారు ఫోన్లో తేల్చేసింది. మంజుష కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి పిల్ల చెప్పబోయింది మింగేసి పడుకుంది.

మర్నాడు ప్రిన్సిపాల్ వెంకటపతిరాజు గారు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. మర్యాదకేం లోటు లేదు.

"ఎవరో ఆవిడ మా పిల్లకి రోజూ దబ్బకాయ పులిహోర పెడుతోందండి."

ఆయన చేతిలో పెన్ను ఆగింది.

"దబ్బకాయ పులిహోరా?"

"ఏదైతే ఏంటండీ? అందులో ఏం కలిపి పెడుతోందో!"

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆవిడకి మతి స్థిమితం లేదమ్మా. మీరొక కంప్లైంట్ రాసివ్వండి, మిగతాది నేను చూసుకుంటాను. మీ పాప భద్రత మా బాధ్యతండి."

మంజుష రాసిచ్చింది. ఎంత మంచి మనిషో అని మురిసిపోయింది కూడా.

మధ్యాహ్నం వాచ్‌మన్ ఆవిడని గేటు బయటే ఆపేశాడు. ఆపాడే గానీ చేతులు కట్టుకుని ఆపాడు. ఆవిడ అతన్ని ఏమీ అనలేదు. మంజుషని చూసి దగ్గరికొచ్చింది.

"పాపని వెనక మెట్ల వైపు వెళ్ళనివ్వకండి. కొందరు పిల్లలు అక్కడ కాపు కాస్తారు. నేను చెబితే ఎవరూ వినలేదు. మీరైనా గట్టిగా అడగండి."

"మా పిల్ల సంగతి మేం చూసుకుంటాం లెండి," అంది మంజుష.

పది రోజులు తిరక్కుండానే రమ్యశ్రీ ఆ వెనక మెట్ల మీద నుంచి పడింది. తుంటి విరిగింది. మళ్ళీ మామూలుగా నడుస్తుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోయారు.

ఆస్పత్రి మంచం మీద పిల్ల ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. తోటిపిల్లలు కొందరు నత్తిని వెక్కిరించేవారట. క్యారేజీ లాక్కుని అన్నంలో చాక్‌పొడి పోసి, ఉమ్మేసేవారట. టీచరుకి చెబితే సర్దుకుపొమ్మందట. మెట్ల మీద నుంచి తోసిందీ వాళ్ళేనట.

"తులసాంటీ ప... పక్కనుంటే ఎవరూ వచ్చేవారు కాదమ్మా."

మంజుష నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. ఈసారి కాఫీ రాలేదు.

"కాలు జారిందండి. పిల్లలన్నాక పరుగులు పెడతారు," అన్నారాయన.

"జారడం కాదండీ, తోసేశారు! ఇన్నాళ్ళూ ఏడిపిస్తుంటే మీరంతా ఏం చేస్తున్నారు?"

"అలాంటిదేదైనా ఉంటే ముందే చెప్పాలి కదమ్మా. మీరిచ్చిన కంప్లైంట్ ఒక్కటే. అది మా పిల్లల మీద కాదు, మా టీచర్ల మీదా కాదు."

మంజుష ఒళ్ళు మండి బయటికొచ్చి పాపాయి చెయ్యి పట్టుకుంది.

"తులసమ్మగారి ఇల్లు చూపించు. కళ్ళారా చూసిన మనిషి ఆవిడొక్కతే. కాళ్ళు పట్టుకుని అయినా సాక్ష్యానికి తీసుకొస్తాను. ఈ స్కూలుని ఊరికే వదలను."

"ఇంకెక్కడి తులసమ్మగారండీ! పిచ్చని చెప్పి ఆస్పత్రిలో చేర్పించేశారు. మీరు రాసిచ్చిన కాగితమే డాక్టర్లకి చూపించారంట. ఇక ఆవిడ మాట ఎవరు నమ్ముతారండీ?"

"నా కాగితమా? మరి ఇంట్లోవాళ్ళు ఊరుకున్నారా?"

"చేర్పించింది మొగుడేనండి."

"ఎవడా మొగుడు?"

పాపాయి చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"మన ప్రిన్సిపాల్ గారేనండి. మూడేళ్ళ కిందట ఆ మెట్ల మీద నుంచే పిల్లలు తోసేస్తే చచ్చిపోయింది వాళ్ళ ఒక్కగానొక్క బాబండి, కాలు జారిందని అప్పుడు రాయించింది కూడా ఆయనేనండి."