చీపురు పట్టిన చేయి

"చీపురు వదిలావో, చచ్చావే!" అన్నాడు జింపాచి, సేన్ వెనకే అడుగులో అడుగు వేస్తూ.

"నిన్నటి నుంచీ ఇదే పాట. గొంతు ఎండిపోలేదా అయ్యా?" అంది సేన్ ఊడుస్తూనే.

దొర చేతిలో హింసలు పడుతున్న దొరసానిని కోట దాటించి, సేన్ ఈ సన్యాసినుల మఠంలోకి పారిపోయి వచ్చింది. మఠం చీపురు చేతిలో ఉన్నవాళ్ళను ఎవరూ ముట్టుకోరాదని చక్రవర్తి శాసనం. అందుకే దొర పంపిన ఈ సమురాయ్ కాచుకుని ఉన్నాడు. ముంగిట్లోని మేపుల్ చెట్టు ఎన్ని ఆకులు రాల్చినా బోడి కాదు. సేన్ చేతులు మంటెత్తిపోతున్నాయి.

జింపాచి మళ్ళీ ఆకాశం వైపు చూశాడు.

"ఊరికే పొద్దు వంక చూస్తారేం?"

"గుంకేలోగా నిన్ను తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్ళకపోతే?"

"నా పొట్ట నేనే చీల్చుకోవాలి. అందుకు చిన్న కత్తి కూడా ఇచ్చి పంపాడు దొర."

సేన్ చేయి ఆగింది. ఇంతసేపూ వేటగాడనుకున్నవాడి మొహంలోకి అప్పుడు చూసింది. పెదవులు ఎండి, పొక్కులు లేచి ఉన్నాయి.

ఆమె చీపురు కర్ర రెండో కొస అతని వైపు చాపింది. అతను ఒక్క గుంజు గుంజితే ఆమె పని అయిపోతుంది.

"పట్టుకోండి. ఇద్దరికీ సరిపోతుంది."

"నన్ను నమ్ముతున్నావా?"

"నమ్మకమెక్కడిది? మీ భయం కనిపించింది, అంతే."

జింపాచి నడుమునున్న పెద్ద కత్తినీ, ఆ చిన్న కత్తినీ తీసి ఆకుల్లో పెట్టి, కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"అంత బిగించకండి, బొబ్బలొస్తాయి," అంది సేన్.