తాత చిటిక

నేను చిటికేస్తే ఏడుపు ఆపని పసిబిడ్డ ఈ భూమ్మీద పుట్టలేదు. తల్లీబిడ్డల మధ్య బంధం కుదిర్చే డాక్టరమ్మకూ ఆ మాటే చెప్పాను.

"వీడికి నేనక్కర్లేదు మేడమ్. నా మొహమే చూడడు," అంది నా కూతురు, నాలుగు నెలల కొడుకును ఒళ్లో పెట్టుకుని.

"దీనికి ఆడించడం రాదమ్మా. అందుకే నేనూ వచ్చాను," అన్నాను.

డాక్టరమ్మ నవ్వి, కాసేపటి క్రితం మా ముగ్గురినీ తీసిన వీడియో పెట్టింది.

తెరమీద మనవడు తల్లి మొహంలోకి చూశాడు. ఆమె వంగబోయింది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి చిటికేసింది. వాడు అటు తిరిగిపోయాడు.

మళ్లీ తల్లిని చూశాడు. మళ్లీ చిటిక.

"నన్నే చూస్తున్నాడు," అంది కూతురు.

"ఏడుసార్లు చూశాడు," అంది డాక్టరమ్మ.

"నాన్నా..." అంటూ నా చేతులకేసి చూసింది కూతురు.

రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నాను.

ఇంటికెళ్లే దారిలో వాడు ఏడ్చాడు. వాళ్లమ్మ మొహం చూసి ఆపాడు. నా గొప్ప అక్కడితో సరి.

డాక్టరమ్మ ఏదో లెక్క చెప్పింది గానీ, ఏడుసార్లన్నది మాత్రం నా కల్పన. రెండోసారికే తల దించేసుకున్నాను, మిగతావి నేను చూడలేదు, ఆ లెక్కా చెవికెక్కలేదు.