మందు కలపని సీసా

బ్యాటరీల కోసం ఆ పరిశోధకురాలు చేసిన పల్చటి నల్ల పొరల్ని నీళ్లలో ఉంచితే, నెల తిరక్కుండానే తుప్పుపట్టి తెల్లబడేవి. ఆమె కనిపెట్టిన మందు కలిపిన సీసా మాత్రం కాటుకలా నల్లగానే ఉంది. ఏడాది నిండిన రాత్రి ల్యాబ్ నుంచే తండ్రికి ఫోన్ చేసింది.

“నాన్నా, నెగ్గాను!”

“నా తల్లే! నాకు తెలుసమ్మా.”

ఆమె గుండె ఉప్పొంగింది. అంతలో మూలనున్న ఫ్రిజ్ రొద ఆగిపోయింది. బల్ల మీద పక్కనే, పోల్చి చూడ్డానికి మందు కలపకుండా ఉంచగా ఎప్పుడో తెల్లబడ్డ సీసా అడుగు నుంచి మెల్లగా నల్లబడుతోంది. పట్టిన తుప్పు వెనక్కి పోదు. మూత సీలు చెదరలేదు.

“మరి ఇంటికెప్పుడొస్తావమ్మా?”

“ఉండు నాన్నా.”

కుర్చీ లాక్కుని కూర్చుంది. తన పని వదిలి పారిపోయే మనిషి కాదామె. నోట్‌బుక్కులో టైము రాసింది. నలుపు మూతను దాటి, బల్ల మీదికి పాకింది.

ఆ టైమూ రాసింది.