రెక్క పట్టుకునే మనిషి

పందెం చివరి రోజున పైకి లేచే వేడిగాలి గోధుమ పొలాల మీద ఒక్కచోటే దొరికింది. ఇంజను లేని విమానాలు, గ్లైడర్లన్నీ ఆ గాలిలోనే చుట్లు తిరుగుతూ ఎత్తు అందుకుంటున్నాయి. ముందు చేరిన గ్లైడర్ ఎటు తిరిగితే తక్కినవన్నీ అటే తిరగాలి. ముందు చేరింది నా భార్య రోవెనా. ఎడమకి తిరిగింది. వెనకొచ్చిన గ్లైడర్ కుడికి తిరిగింది. రెండూ ఢీకొని కూలిపోయాయి. ఒక్క పారాచూటే తెరుచుకుంది. అది రోవెనాది కాదు.

ఏడాది తరవాత అదే మైదానంలో, ఈ సాయంత్రం మా అమ్మాయి బ్రిడీ తన గ్లైడర్ తుడుస్తోంది.

"రేపు గ్లైడర్ లేచేటప్పుడు రెక్క కొస ఎవరు పట్టుకుంటారు నాన్నా?"

"నేను పట్టుకోను. ఎవరూ ఎత్తి పట్టుకోకపోతే నువ్వు నేలమీదే ఉంటావుగా."

"మొండి ముసలాడివి. అమ్మకైతే ఎగురుకుంటూ వెళ్ళి పట్టుకునేవాడివి."

నవ్వబోయింది. చేతిలో గుడ్డ జారిపోయింది.

"అంత భయమైతే మానెయ్యవే."

"మానేసినా రోజూ ఆ గాలిలోనే తిరుగుతున్నాను." గొంతు తగ్గించింది. "నాన్నా, నేను మళ్ళీ కుడికి తిరిగితే?"

కింద పడ్డ గుడ్డ తీసి దాని చేతిలో పెట్టాను. రేపు పొద్దున్న రెక్క నేనే ఎత్తుతాను. అది నా చెయ్యి దాటిపోయేదాకా పక్కనే పరిగెత్తుతాను.