నలభై ఒకటో మీటరు

"నలభై ఒక్క మీటర్ల దగ్గర వైరుకి అతుకుంది మేడమ్," అన్నాడు ఎలక్ట్రికల్ ప్రొఫెసరు, తన పెట్టె మీది అంకె చూసి.

ప్రిన్సిపాల్ పకపకా నవ్వింది. "అతుకా? కిందటి నెల నేనే దగ్గరుండి వేయించిన కేబుల్ అది. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే ముక్క! పద్దెనిమిదేళ్ల రీసెర్చి, నలభై పేపర్లు, తీరా చూస్తే ఇదా? రేపు సామాన్లు సర్దుకోండి. ఈ ల్యాబ్‌ని స్టోర్‌రూమ్ చేసేస్తున్నాం."

పరీక్ష చూడటానికొచ్చిన కమిటీ వాళ్లిద్దరూ అయ్యోపాపం అన్నట్టు ముఖం పెట్టారు.

ప్రొఫెసరు తన పెట్టెకేసి చూశాడు. కరెంటు ఆపకుండా, గోడ పగలగొట్టకుండా వైరులో తేడా ఎక్కడుందో మీటర్లతో సహా చెప్పే పెట్టె అది. దాని ధ్యాసలో పెళ్ళిరోజులు మరిచిపోయి భార్య చేత ఎన్ని చివాట్లు తిన్నాడో! అన్నేళ్లూ తోడున్నది ఒక్క టీ కెటిల్. పిడి విరిగితే నీలం టేపు చుట్టి మరీ కాపాడుకున్నాడు. పోయిన వారం "గదుల్లో కెటిళ్లు నిషేధం" అని సర్క్యులర్ చూపించి, దాన్ని కూడా ఈ ప్రిన్సిపాలే పట్టుకుపోయింది.

"నా పెట్టె అబద్ధం చెప్పదు. కొలుద్దాం రావయ్యా," అన్నాడు ల్యాబ్ అసిస్టెంటుతో.

గోడ మీది వైరు వెంటే కొలుచుకుంటూ అందరూ బయల్దేరారు. వరండాలో పది, మెట్ల దగ్గర ఇరవై, ఆఫీసు దాటేసరికి ముప్ఫై ఆరు. అక్కడ వైరు ప్రిన్సిపాల్ గదిలోకి దూరింది.

ప్రిన్సిపాల్ గబగబా వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. "చాల్లెండి ప్రొఫెసర్‌గారూ! మీ పెట్టె బంగారం. ల్యాబ్ మీదే, ఇదిగో సంతకం!" అంటూ చేతిలో ఫైలు మీద గీకేసింది.

"సార్, బతికిపోయాం. పదండి సార్, వెళ్లిపోదాం," అని అసిస్టెంటు చెవిలో గొణిగాడు.

"భలేవాడివే! ఇంకా ఐదు మీటర్లుంటే ఎలా వెళతామయ్యా?" అంటూ ప్రొఫెసరు ఆవిడ పక్కనుంచి లోపలికి దూరాడు. ముప్ఫై ఎనిమిది, నలభై అని లెక్కపెట్టుకుంటూ పెద్ద టేబుల్ కిందికి వంగాడు.

సరిగ్గా నలభై ఒకటో మీటరు దగ్గర, వైరుకి అతుకేసి లాగిన కరెంటు మీద, నీలం టేపు చుట్టిన పిడితో, కుతకుతా మరుగుతోంది అతని కెటిల్.